కంపెనీకే జాగీర్దారు

రాబర్ట్ క్లైవ్ 1744లో ఏడాదికి 5 పౌన్ల జీతం మీద ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా చెన్నపట్నంలో దిగాడు. కోటలో లెక్కలు రాసిన ఆ కుర్రాడే తర్వాత కత్తి పట్టాడు. 1757లో ప్లాసీలో గెలిచి మీర్ జాఫర్‌ను బెంగాల్ గద్దె మీద కూర్చోబెట్టాడు.

కలకత్తా పరిసరాల్లోని 24 పరగణాలకు కంపెనీ నవాబుకు శిస్తు కట్టేది. 1759లో నవాబు ఆ శిస్తును క్లైవ్‌కు జాగీరుగా రాసిచ్చాడు. ఏటా సుమారు 27,000 పౌన్లు! ఇంకేముంది, జీతమిచ్చే కంపెనీయే తన నౌకరుకు శిస్తు కట్టవలసి వచ్చింది. 1763లో డైరెక్టర్లు చెల్లింపు ఆపేశారు. బెంగాల్‌కు మళ్ళీ అతడే కావలసివచ్చి, 1764లో మరో పదేళ్ళు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 1774లో క్లైవ్ పోయాడు.

వాళ్ళు తగువులాడుకున్న ఆ సొమ్మంతా బెంగాల్ రైతు దుక్కి దున్ని కట్టిందే. 1770 కరువులో తిండిలేక చచ్చిందీ బెంగాల్ రైతే.