పగిలిన పలకకు విలువ తెచ్చిన సుందరానంద

పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమానికి గోల్కొండ్ అనే వసతి భవనం ఉంది. పేరు మన గోల్కొండదే, ఫ్రెంచి పలుకుబడిలో అలా మారింది. 1930లలో సాధకుల కోసం ఈ భవనాన్ని తలపెట్టినప్పుడు నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం అందింది. హైదరాబాద్ సంస్థానానికి దివాన్‌గా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ చొరవతో వచ్చిన సొమ్ము అది. ఆ కృతజ్ఞతకు గుర్తుగా శ్రీమాత ఈ భవనానికి వజ్రాల గోల్కొండ పేరు పెట్టారు.

పేరులో వజ్రాలున్నా గదుల్లో ఆడంబరం ఏమీ కనిపించదు. టేకు కర్రతో చేసిన మంచం, రాసుకునే బల్ల, కుర్చీ వంటి అవసరమైన సామాను మాత్రమే ఉంటుంది. కాళ్ల కింద నల్లటి కడప రాయి. తలుపులు పక్కకు జరుగుతాయి. వాటికి వాడిన టేకు బద్దలను ఎడంగా, ముందు వెనుకలుగా అమర్చారు. అందువల్ల గాలి లోపలికి వస్తుంది గానీ బయటి చూపు లోపల పడదు. గాజు కిటికీలు లేవు. గోడల పొడవునా తిప్పుకోవడానికి వీలున్న వెడల్పాటి రెక్కలు ఉన్నాయి. ఎండను, వానను, సముద్రపు గాలిని బట్టి వాటిని తెరుస్తారు, మూస్తారు. జపాన్ ఇంటి పొదుపు, దక్షిణాది వాతావరణపు అవసరం కలిసిన భవనం ఇది.

ఈ భవనానికి రూపకల్పన చేసింది టోక్యోలో స్థిరపడిన చెక్ ఆర్కిటెక్టు ఆంటోనిన్ రేమండ్. స్థలంలో ఉండి పని నడిపించడానికి ఆయన కార్యాలయం నుంచి వచ్చిన యువకుడు జార్జ్ నకాషిమా. గదుల్లోని ఫర్నిచర్‌ను రూపొందించింది ఆయనే. అప్పటికి ఆయన ఆర్కిటెక్టు మాత్రమే. తర్వాతి కాలంలో ప్రపంచం ఆయనను వడ్రంగిగా గుర్తుపెట్టుకుంది.

నకాషిమా 1905 మే 24న అమెరికాలోని స్పోకేన్ పట్టణంలో పుట్టారు. తల్లిదండ్రులు జపాన్ నుంచి వలస వచ్చినవారు. బాల్యమంతా వాషింగ్టన్ రాష్ట్రపు కొండల్లో, అడవుల్లో తిరుగుతూ గడిచింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదట అటవీశాస్త్రం చదివి, తర్వాత ఆర్కిటెక్చర్‌కు మారారు. 1930లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచి మాస్టర్స్ పట్టా పొందారు. అది ఆర్థిక మాంద్యం రోజులు. దొరికిన ఉద్యోగం కాస్తా పోయింది. కారు అమ్మేసి ప్రపంచయాత్రకు ఓడ టికెట్టు కొనుక్కున్నారు. పారిస్‌లో కొంతకాలం గడిపి, 1934లో తల్లిదండ్రుల దేశం చేరారు.

జపాన్‌లో ఆయనకు రేమండ్ దగ్గర పని దొరికింది. కాంక్రీటుతో ఆధునిక భవనాలు కడుతూనే, పల్లె వడ్రంగుల పనితనాన్ని శ్రద్ధగా గమనించిన ఆర్కిటెక్టు రేమండ్. మేకులు లేకుండా కూర్చిన దూలాలు, రంగు పూయని చెక్క, గడ్డి చాపలు పరిచిన నేల, కాగితం అతికించిన జరుపుడు తలుపులు. ఈ ఇళ్లలో వస్తువులు తక్కువ. ఉన్న ప్రతి వస్తువూ ఏ పదార్థంతో చేశారో దాచకుండా చెబుతుంది. అడవిని చదివి, ఆ తర్వాత భవనాలను చదివిన నకాషిమాకు తన రెండు చదువులూ ఒక్కచోట కలిసినట్టయింది.

గోల్కొండ్ పని మీద ఆయన పుదుచ్చేరి చేరింది ఈ నేపథ్యంతోనే. నిర్మాణంలో ఆశ్రమవాసులే కూలీలు, మేస్త్రీలు. తలుపుల గడియలకూ కీళ్లకూ కావలసిన ఇత్తడి కోసం సాధకులు తమ దగ్గరున్న పాత పాత్రలు ఇచ్చారు. వాటిని అక్కడే కరిగించి పోతపోశారు. తొందర లేదు, కాంట్రాక్టరు లేడు. పనిని సాధనగా భావించే ఆ పద్ధతి నకాషిమాను లోతుగా తాకింది. జీతం వద్దని చెప్పి ఆశ్రమవాసిగా మారిపోయారు. అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరు పెట్టారు. అందంలో ఆనందం పొందేవాడని దాని అర్థం. 1939లో ఆయన ఆశ్రమం విడిచి వెళ్లారు గానీ, ఆ పేరు ఇచ్చిన బాధ్యతను జీవితాంతం మోశారు.

జపాన్‌కు తిరిగివెళ్లినప్పుడు మేరియన్ ఒకజిమాతో పరిచయమైంది. 1941లో అమెరికాలో వారి పెళ్లి జరిగింది. ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ భవన నిర్మాణం ఒకటి చూసి ఆయన నిరాశపడ్డారు. గీసినవారి ఊహ గొప్పదే, కట్టినవారి పనితనం నాసిరకం. మొదటి నుంచి చివరి దాకా తన చేతుల్లోనే ఉండే పని కావాలనిపించింది. ఆర్కిటెక్చర్ పక్కనపెట్టి సియాటిల్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో ఫర్నిచర్ చేయడం మొదలుపెట్టారు.

అది నిలదొక్కుకోక ముందే పెర్ల్ హార్బర్ దాడి జరిగింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జారీ చేసిన ఉత్తర్వుతో పడమటి తీరంలోని జపనీయ సంతతి ప్రజలను నిర్బంధ శిబిరాలకు తరలించారు. అలా ఇళ్లూ వాకిళ్లూ వదిలిన సుమారు 1,20,000 మందిలో ఎక్కువ మంది అమెరికాలో పుట్టిన పౌరులే. నకాషిమా, మేరియన్, పసికందు మీరా ఐడహో ఎడారిలోని మినిడోకా శిబిరానికి చేరారు. ఏ నేరమూ మోపలేదు, ఏ విచారణా జరగలేదు.

ఆ శిబిరంలో గెంటారో హికొగావా అనే వడ్రంగి ఆయనకు తారసపడ్డారు. జపాన్ సంప్రదాయ పద్ధతిలో శిక్షణ పొందిన పనివాడు. పెద్ద చదువులు చదివిన ఆర్కిటెక్టు ఆ వడ్రంగి దగ్గర శిష్యుడిలా కూర్చున్నారు. రంపం పట్టే తీరు, ఉలి పదును, చెక్క పేడు ఎటు సాగుతుందో చూసి చిత్రిక పట్టడం, అతుకు బిగించడంలో ఓర్పు అక్కడే అబ్బాయి. శిబిరంలో దొరికేది నిర్మాణాల్లో మిగిలిన చెక్క ముక్కలు, ఎడారిలో పెరిగే గిడసబారిన పొదల కొమ్మలు. వాటితోనే ఇద్దరూ కలిసి, తారు కాగితం చుట్టిన బ్యారక్‌లో కుటుంబం మనిషిలా బతకడానికి వీలైన ఒక నమూనా గదిని తయారు చేశారు. తక్కువ వస్తువులతో ఇల్లు అమర్చుకోవడం గోల్కొండ్‌లో ఆయన కోరి ఎంచుకున్న మార్గం. మినిడోకాలో అదే పనిని ముళ్లకంచె మధ్య చేయాల్సి వచ్చింది.

1943లో రేమండ్ పూచీ ఇచ్చి ఆయన కుటుంబాన్ని విడిపించారు. పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో ఉన్న తన పొలంలో చోటిచ్చారు. రేమండ్ కార్యాలయం చేపట్టినవి యుద్ధ సంబంధమైన పనులు కావడంతో నకాషిమా వాటిలో చేరలేకపోయారు. కోళ్ల పెంపకం చూసుకున్నారు. అదే ఏడాది యూటా ఎడారిలో అమెరికా సైన్యం అగ్నిబాంబులను పరీక్షించడానికి నమూనా జపాన్ ఇళ్లు కట్టించింది. గడ్డి చాపలతో సహా ఆ ఇళ్లకు రూపమిచ్చింది రేమండ్. చెక్క, కాగితం, గడ్డి గురించి జపాన్‌లో ఆయన ప్రేమతో నేర్చుకున్న విద్య అవి ఎంత త్వరగా అంటుకుంటాయో తేల్చడానికి ఉపయోగపడింది. ఒక కుటుంబాన్ని శిబిరం నుంచి బయటికి తెచ్చిన చేయి, ఆ గీతలు గీసిన చేయి ఒకటే. ఆ కాలం మనుషులను పెట్టిన పరీక్ష అలాంటిది.

యుద్ధం ముగిశాక నకాషిమా న్యూ హోప్‌లోనే శ్రమకు బదులుగా మూడు ఎకరాలు సంపాదించారు. మొదట డేరా వేసుకుని ఉన్నారు. ముందు వర్క్‌షాపు, తర్వాత ఇల్లు తమ చేతులతో కట్టుకున్నారు. డబ్బు లేదు కాబట్టి మంచి కలప కొనలేకపోయారు. కణుపులున్నాయని, పగుళ్లున్నాయని, అంచు వంకరగా ఉందని కోత మిల్లులవారు పక్కన పడేసిన పలకలను తెచ్చుకున్నారు. ఆయనకు పేరు తెచ్చిన శైలి అక్కడే రూపుదిద్దుకుంది.

మామూలు వడ్రంగం పలక అంచులను గీత గీసినట్టు కోసేస్తుంది. నకాషిమా బెరడు కింది సహజమైన అంచును అలాగే ఉంచారు. పగులును మైనంతో నింపలేదు. ఆ చీలిక ఇంకా సాగకుండా, సీతాకోకచిలుక ఆకారంలో కోసిన గట్టి కర్ర బిళ్ళను దానికి అడ్డంగా పొదిగారు. పగులూ కనిపిస్తుంది, దాన్ని పట్టి ఉంచిన బిళ్ళా కనిపిస్తుంది. తర్వాత వసతి పెరిగాక, పెద్ద అక్రోటు మానులను కోసేటప్పుడు దగ్గరుండి రంపం ఎటు పోవాలో ఆయనే చెప్పేవారు. కోసిన పలకలను మాను వారీగా పేర్చి ఏళ్ల తరబడి ఆరబెట్టేవారు. చేవ రంగు, పేడు వంపు చూసి ఏ పలక ఏ బల్లకు తగునో తేల్చేవారు. దశాబ్దాల పాటు తను చేసిన వస్తువుల మీద సంతకం పెట్టలేదు. పలక మీద కొనుగోలుదారు పేరు మాత్రం ఉండేది.

ఆయన యంత్రాలను ద్వేషించలేదు. కోతకు యంత్రం, తుది పనికి చేయి అన్నది ఆయన పద్ధతి. నోల్ కంపెనీ కోసం కుర్చీ రూపొందించారు. కాంక్రీటునూ వదల్లేదు. న్యూ హోప్‌లో కట్టిన కోనాయిడ్ స్టూడియోకు కప్పు పలుచటి కాంక్రీటు పెంకు. లోపల రాయి, చెక్క, కాగితపు తలుపులు. అదే పేరుతో వచ్చిన కుర్చీకి కాళ్లు రెండే. అవి నేల మీద ఆనే పొడవాటి రెండు కర్రల మీద నిలబడతాయి.

భారతదేశంతో ఆయన బంధం తెగలేదు. 1964లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు వచ్చారు. అక్కడి వర్క్‌షాపులో ఆయన డిజైన్లతో ఫర్నిచర్ తయారైంది. అప్పటికి ఆ సంస్థ పుట్టి మూడేళ్లే. మన దేశంలో వడ్రంగం కులవృత్తిగా, డిజైన్ చదువుగా విడిపోతున్న కాలమది. పట్టా ఉన్నా ఉలి పట్టిన మనిషిని ఆ విద్యార్థులు దగ్గరగా చూశారు.

ఆయన కథలో ఒక వైరుధ్యం ఉంది. మిల్లులు వద్దన్న పలకలతో మొదలైన పని సంపన్నుల ఇళ్లకు చేరింది. 1970లలో నెల్సన్ రాక్‌ఫెల్లర్ న్యూయార్క్ రాష్ట్రంలోని తన ఇంటికి రెండు వందల వరకు వస్తువులు చేయించుకున్నారు. ఆయన మరణానంతరం, 2006లో ఒక బల్ల వేలంలో 8 లక్షల డాలర్లు దాటింది. సహజమైన అంచున్న బల్లలు నేడు హైదరాబాద్, బెంగళూరు ఫ్లాట్లలోనూ కనిపిస్తున్నాయి. జపనీయ నిరాడంబరత పేరుతో ఖాళీ గోడలు, లేత రంగు చెక్క ప్యాకేజీలుగా అమ్ముడవుతున్నాయి. చెక్క బొమ్మ ముద్రించిన రేకును ప్లైవుడ్ మీద అతికించినా ఆ పేరే పెడుతున్నారు. నకాషిమా దృష్టిలో తక్కువ వస్తువులు ఉండటం ఒక్కటే సరిపోదు. ఉన్న వస్తువు ఏ చెట్టు నుంచి వచ్చిందో, ఎవరు చేశారో, ఎన్ని తరాలు నిలుస్తుందో తెలియాలి. వందల ఏళ్లు పెరిగిన చెట్టును కొట్టినప్పుడు, దానితో చేసిన వస్తువు కూడా అంతకాలం బతకాలన్నది ఆయన లెక్క.

1983లో జపాన్ ప్రభుత్వం ఆయనను ఆర్డర్ ఆఫ్ ది సేక్రెడ్ ట్రెజర్‌తో గౌరవించింది. మరుసటి ఏడాది అరుదైన ఒక పెద్ద అక్రోటు మాను ఆయన చేతికి వచ్చింది. దానితో ప్రపంచంలోని ప్రతి ఖండానికీ ఒక శాంతి బల్ల చేయాలని సంకల్పించారు. మొదటిది 1986 చివరి రోజున న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ది డివైన్ కెథడ్రల్‌లో కొలువుదీరింది. తనను నిర్బంధించిన దేశానికి ఆయన ఇచ్చిన జవాబు అది. రెండేళ్ల తర్వాత, 1988లో, ఆ నిర్బంధం తప్పని అమెరికా చట్టం చేసి క్షమాపణ చెప్పింది, బతికున్న బాధితులకు 20,000 డాలర్ల చొప్పున పరిహారం ప్రకటించింది.

నకాషిమా 1990 జూన్‌లో న్యూ హోప్‌లో కన్నుమూశారు. శిబిరానికి పసికందుగా వెళ్లిన మీరా ఆ వర్క్‌షాపు బాధ్యత తీసుకున్నారు. తండ్రి సంకల్పించిన శాంతి బల్లల్లో ఒకటి 1996లో భారతదేశానికి వచ్చింది. అది ఇప్పుడు ఆరోవిల్‌లో ఉంది. సుందరానంద తొలిసారి మంచం, బల్ల, కుర్చీ రూపొందించిన గోల్కొండ్ అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరమే.