నల్లరొట్టె బాకీ: ఇవాన్ ఫ్రాంకో జీవితం

ఫ్రాంకో అనగానే మనలో చాలామందికి స్పెయిన్ నియంత గుర్తుకొస్తాడు. చరిత్ర పేపరుకు చదువుకున్న పేరు అదే కదా. నేను రాస్తున్నది ఆయన గురించి కాదు. ఈయన ఇవాన్ ఫ్రాంకో. ఉక్రెయిన్ రచయిత. కవిత్వం, కథలు, నవలలు, నాటకాలు, పరిశోధన అన్నీ రాశారు గాని, కడుపు నింపుకున్నది మాత్రం పత్రికా రచనతోనే. నా జాతిని నేను ప్రేమించడం లేదని అచ్చువేయించి, ఆ జాతి కోసమే చేతులు పడిపోయేదాకా పనిచేసిన మనిషి. బతికినన్నాళ్లూ ప్రభుత్వం, సొంతవాళ్లు, పొరుగువాళ్లు, చివరికి తాను పెట్టిన పార్టీవాళ్లు కూడా ఆయనతో తగువు పడ్డారు. మొదటిసారి ఆయన గురించి చదివినప్పుడు, ఇంతమందితో గొడవ పెట్టుకోవడం దేనికి అని నాకే విసుగొచ్చింది. తర్వాత అర్థమైంది, ఆ గొడవలన్నిటికీ వేరు ఒక్కచోటే ఉందని.

ఆయన 1856 ఆగస్టు 27న నహుయెవిచి అనే పల్లెలో పుట్టారు. ఆ ప్రాంతం పేరు గలీసియా, అప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి పాలనలో ఉండేది. భూములు ఎక్కువగా పోలిష్ జమీందార్లవి. దున్నేవాళ్లు ఉక్రేనియన్లు, ఆ రోజుల్లో వాళ్లను రూసిన్లు అనేవారు. అక్కడ వెట్టిచాకిరీ రద్దయి అప్పటికి ఎనిమిదేళ్లే అయింది (1848లో రద్దు చేశారు). అంటే ఫ్రాంకో తండ్రి తరం వెట్టిని కళ్లతో చూసిన తరం.

తండ్రి యాకివ్ ఊరి కమ్మరి. కొలిమి దగ్గర ఎప్పుడూ నలుగురు కూర్చుని ఉండేవారు. దగ్గర్లోని బోరిస్లావ్‌లో అప్పుడే నూనె బావులు తవ్వుతున్నారు. అక్కడికి కూలికి పోయినవాళ్లు ఎలా బావిలో పడి చచ్చారో, గాలాడక ఎలా పోయారో ఆ కొలిమి దగ్గరే మాట్లాడుకునేవారు. పిల్లవాడు మూలన కూర్చుని వినేవాడు. ఆ కొలిమి నిప్పు గురించి పెద్దయ్యాక, 1902లో, ఒక జ్ఞాపకాల కథ కూడా రాశారు.

ఎనిమిదేళ్ల వయసులో ద్రొహోబిచ్ పట్టణంలో క్రైస్తవ సన్యాసులు నడిపే బడిలో వేశారు. ముతక బట్టలు కట్టుకొచ్చిన పల్లెటూరి పిల్లవాడు. పట్నం పిల్లలు నవ్వారు, అయ్యవారు కొట్టాడు. ఈ భాగం మనకు విడమరచి చెప్పనక్కర్లేదు. కానీ బహిరంగంగా బహుమతులిచ్చే రోజున మొదట పిలిచిన పేరు ఈ పిల్లవాడిదే. తండ్రి వచ్చి జనంలో ఎక్కడో నిలబడ్డాడు. కొడుక్కి ఆయన కనిపించలేదు, వెనకనుంచి ఏడుపు మాత్రం వినిపించింది. ఈ సంగతి ఫ్రాంకో పెద్దయ్యాక తానే రాసుకున్నారు. 1865లో ఆ తండ్రి చనిపోయాడు.

తల్లి మరియా మళ్లీ పెళ్లి చేసుకుంది. సవతి తండ్రి అనగానే మనకు సినిమాల్లో విలన్లు గుర్తొస్తారు. ఈ సవతి తండ్రి హ్రిన్ హవ్రిలిక్ మాత్రం పిల్లవాణ్ణి బడి మాన్పించలేదు. 1872లో తల్లి కూడా పోయాక, రక్తసంబంధం లేని ఆ రైతే చదువు సాగనిచ్చాడు. ద్రొహోబిచ్‌లో ఫ్రాంకో ఉన్నది ఒక దూరపు బంధువు ఇంట్లో. అది వడ్రంగి పని జరిగే ఇల్లు. పడుకోవడానికి చోటు లేనప్పుడు కొత్తగా చేసిన శవపేటికల్లో, చిత్రికపట్టిన పొట్టు మీద నిద్రపోయేవాడట. హైస్కూల్లో ఉండగానే తోటి పిల్లలకు ట్యూషన్లు చెప్పి, ఆ డబ్బులతో పుస్తకాలు కొని, సుమారు 500 పుస్తకాలు పోగుచేశాడు.

1875లో ల్వివ్ విశ్వవిద్యాలయంలో చేరారు. విద్యార్థుల పత్రికలో పనిచేస్తూ, ప్రవాసంలో ఉన్న మిఖైలో ద్రహోమనోవ్ అనే మేధావితో ఉత్తరాలు నడిపారు. అదే నేరమైంది. 1877 జూన్‌లో రహస్య సోషలిస్టు సంఘం పెట్టారని పోలీసులు పట్టుకెళ్లారు. అలాంటి సంఘమే లేదు. నెలల తరబడి లోపల ఉంచి, 1878 జనవరిలో ఆరువారాల శిక్ష వేశారు. శిక్ష కంటే విచారణే పెద్దది! దొంగలతో, తాగుబోతులతో కలిపి పడేసిన ఆ గదిలో ఆయన సోషలిస్టు కాకుండా పోలేదు, అక్కడే గట్టిపడ్డారు.

బయటికొస్తే లోకం మారిపోయి ఉంది. సొంతవాళ్ల సంఘాలు, గ్రంథాలయాలు తలుపులు మూశాయి. పెళ్లాడాలనుకున్న ఓల్హా రోష్కెవిచ్ తండ్రి ఒక పూజారి. ఆయన ఇంటికి రావద్దన్నాడు. 1879లో ఆమెకు వేరే సంబంధం చేశారు.

ఆయన మిత్రుడు పావ్లిక్‌తో కలిసి 1878లో పత్రిక పెట్టారు. పేరు ప్రజామిత్ర అని చెప్పుకోవచ్చు. ప్రభుత్వం జప్తు చేసింది. పేరు మార్చి 'గంట' అని వేశారు. తర్వాత అదీ కాదని 'సుత్తి' అని వేశారు. కమ్మరి కొడుకు పత్రికకు సుత్తి అని పేరు పెట్టడం నాకు భలే నచ్చింది.

1880లో మళ్లీ పట్టుకున్నారు. కొలొమియా జైల్లో మూడు నెలలు ఉంచి, ఏ నేరమూ రుజువు కాకపోయినా, పోలీసు కాపలాతో కాలినడకన సొంతూరికి తరలించారు. దారిలో జ్వరం. తర్వాత కొలొమియాకు తిరిగివచ్చి, ఒక చిన్న హోటల్ గదిలో చేతిలో డబ్బులేక పస్తులున్నారు. ఆ పస్తుల్లోనే జైలు గది మీద 'అట్టడుగున' అనే పెద్ద కథ రాసి అచ్చుకు పంపారు. మూడోసారి 1889లో పట్టుకున్నప్పుడు జైల్లో సానెట్లు రాశారు. ఏ మూడుసార్లూ కత్తి పట్టిన నేరం కాదు.

ఆ తర్వాత కొంతకాలం సొంతూరిలో సవతి తండ్రి ఇంట్లో ఉండి పొలం పనులు చేస్తూ రాశారు. 1881-82లో 'బోరిస్లావ్ నవ్వుతుంది' అనే నవల ఒక పత్రికలో ధారావాహికంగా వచ్చింది. నూనె బావుల కూలీలు తలా కొంత వేసుకుని నిధి కూడబెట్టి సమ్మె చేసే కథ. గని కార్మికుల సమ్మె మీద ఫ్రెంచి రచయిత జోలా రాసిన ప్రసిద్ధ నవల 1885లో వచ్చింది. ఫ్రాంకో అంతకు ముందే రాశారు. పత్రిక ఆగిపోవడంతో నవల అసంపూర్తిగానే మిగిలింది.

1886లో కీవ్ నగరపు ఓల్హా ఖొరుజిన్‌స్కాను పెళ్లి చేసుకున్నారు. నలుగురు పిల్లలు. ఇల్లు గడవాలి. 1887 నుంచి పదేళ్లపాటు 'కురియెర్ ల్వోవ్‌స్కి' అనే పోలిష్ దినపత్రికలో ఉద్యోగం చేశారు. రోజూ రాయడమే. రైతుల మీద, ఎన్నికల మీద, పన్నుల మీద, వలసపోతున్న కూలీల మీద. ఈ ఉద్యోగాన్ని ఆయన పొరుగింట్లో పాలేరుతనం అనుకునేవారు. 1890లో పావ్లిక్ వాళ్లతో కలిసి రాడికల్ పార్టీ పెట్టారు. 1895-98 మధ్య పార్లమెంటుకు మూడుసార్లు పోటీచేశారు, మూడుసార్లూ గెలవలేదు. గలీసియాలో అప్పటి ఎన్నికలంటే అధికారుల ఒత్తిడి, లాఠీలు, సారా. పేదవాడి అభ్యర్థి గెలిచే మాట అరుదు.

ఇక చదువు. జైళ్ల మూలంగా ఆగిన డిగ్రీని చెర్నివ్‌త్సీలో పూర్తిచేసి, 1893లో వియన్నాలో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ పరిశోధన ఒక పాత క్రైస్తవ కథ మీద. బర్లామ్, జోసఫాత్ అనే ఇద్దరి కథ అది. రాజుగారు కొడుకును లోకపు కష్టం కనపడకుండా దాచి పెంచుతాడు. కొడుకు బయటికొచ్చి రోగినీ ముసలివాణ్ణీ చూసి అన్నీ వదులుకుంటాడు. మీకు గుర్తొచ్చే ఉంటుంది, అది మన బుద్ధుడి కథే. దేశాలు దాటి, భాషలు మారి బోధిసత్వుడు జోసఫాత్ అయ్యాడు. అంతేకాదు, మార్కండేయ పురాణంలోని హరిశ్చంద్రుడి కథను కూడా ఫ్రాంకో 1892లో తన భాషలోకి తెచ్చారు. మన పల్లెల్లో తెల్లవార్లూ కాటిసీను కోసం ఎదురుచూసే ఆ కథ, ఎక్కడో మంచుదేశంలో ఒక కమ్మరి కొడుకు కలం కిందికి వెళ్లింది.

డాక్టరేట్ వచ్చాక 1895లో ల్వివ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరడానికి పరీక్షా ఉపన్యాసం ఇచ్చారు. పెద్దలు మెచ్చుకున్నారు. గవర్నర్ బదేనీ ఒప్పుకోలేదు. మూడుసార్లు జైలుకెళ్లిన మనిషి పిల్లలకు పాఠం చెప్పడమా! అంతే, ఆ దారి మూసుకుపోయింది. ఇంటర్వ్యూ బాగా చేసి లిస్టులో పేరు లేక తిరిగొచ్చిన అన్నలు మన హాస్టల్లోనూ ఉన్నారు, వాళ్లకు ఈ పేరా ఎక్కువ వివరించనక్కర్లేదు.

ఇప్పుడు 1897 దగ్గరికొద్దాం. ఆ ఒక్క ఏడాదిలో ఆయన రెండు వైపులా శత్రువుల్ని తెచ్చుకున్నారు.

మే నెలలో వియన్నాలోని ఒక జర్మన్ పత్రికలో పోలిష్ మహాకవి మిత్స్కియెవిచ్ మీద వ్యాసం రాశారు. బలహీనుడికి ద్రోహం కూడా ఆయుధమేనని ఆ కవి కావ్యాలు నేర్పుతున్నాయని వాదించి, ఆయన్ని ద్రోహానికి కవి అన్నారు. అదే కవిని ఫ్రాంకో అంతకుముందు అనువాదం చేసినవారే. పోలిష్ సమాజం మండిపడింది. పదేళ్ల ఉద్యోగం పోయింది. నా మటుకు నాకు ఆ వ్యాసంలో కోపం పాలు ఎక్కువే అనిపిస్తుంది. ఎన్నికల్లో దెబ్బతిని, ఉద్యోగం నిరాకరించబడి ఉన్న మనిషి రాసిన రాత అది.

అదే సంవత్సరం పోలిష్‌లో వచ్చిన తన కథల పుస్తకానికి తన గురించి తానే ముందుమాట రాసుకున్నారు. అందులో, తాను రూసిన్లను ప్రేమించడం లేదన్నారు. వాళ్లలో నిజమైన వ్యక్తిత్వమున్నవాళ్లు కొద్దిమందేననీ, చిల్లర స్వార్థం, రెండు నాల్కల ధోరణి, డాంబికం ఎక్కువనీ రాశారు. మరి ఎందుకు వాళ్లకోసం పనిచేయడం? ఆయన లెక్క ఇది: తాను రైతుబిడ్డ. కష్టజీవుల నల్లరొట్టె తిని పెరిగాడు. ఆ మొరటు చేతులు ఒక్కొక్క కాసు కూడబెట్టి చదివించబట్టి వెలుతురు కనపడే ఎత్తుకు ఎక్కాడు. ఆ కాసులు జీవితమంతా చాకిరీ చేసి తీర్చాలి. దేశభక్తి తనకు పండగ బట్ట కాదు, విధి మెడమీద వేసిన కాడి. మోయడం ఇష్టంలేదని గొణగొచ్చు గాని, దించి పారేయలేడు.

సొంత జాతి పెద్దలు భగ్గుమన్నారు. వాళ్ల నాయకుడు రొమంచుక్ పత్రికలో బాధపడుతూ ఖండించాడు. ఫ్రాంకో ఆ తలనెరిసిన పెద్దమనిషిని ఉద్దేశించి ఒక పద్యంతోనే జవాబిచ్చారు. మీ ప్రేమ తేలికైనది, నాది బరువైనది అన్నది దాని సారాంశం.

మిత్రులారా, ఈ ముందుమాట గురించి చదివినరోజు నాకు నిద్రపట్టలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే. ఊరికెళ్తే, పట్నంలో చదివేవాడు కదా, మన గురించి నాలుగు మంచి మాటలు చెప్పు అంటారు. తాగి కొట్టుకోవడం, ఆడపిల్లను పదో తరగతిలోనే మాన్పించడం, మనలో మనకే ఉన్న ఎక్కువ తక్కువలు, ఇవి చెబితే చదువు తలకెక్కిందంటారు. చెప్పకుండా పొగిడితే చప్పట్లు. ఫ్రాంకో చప్పట్లు వద్దనుకున్నారు. అది మంచిదా కాదా అని మా రూములో రాత్రి ఒంటిగంటదాకా వాదించుకున్నాం, తేలలేదు.

ఆయన తప్పులు కూడా చెప్పాలి. బోరిస్లావ్ బావుల యజమానుల్లో, పల్లెల్లో వడ్డీకిచ్చేవాళ్లలో యూదులు చాలామంది. వాళ్ల దోపిడీ గురించి రాస్తూ కొన్ని వ్యాసాల్లో జాతి మొత్తాన్నీ ఒకే గాటకు కట్టారు. యూదు పేదల మీద జాలితో కూడా రాశారు, యూదు కవుల్ని అనువదించారు, 1896లో యూదులకు సొంత దేశం కావాలన్న హెర్జెల్ పుస్తకాన్ని మెచ్చుతూ సమీక్షించారు. అయినా ఆ రాతలు రాతలే. పుట్టుక పేరుతో తిట్లు తిన్నవాళ్లం, వాటిని మనం సమర్థించలేం.

రాజకీయాల్లో కూడా ఒకచోట ఉండలేదు. 1899లో రాడికల్ పార్టీ వదిలేసి కొత్తగా పెట్టిన జాతీయ ప్రజాస్వామ్య పార్టీలో చేరారు. 1900లో ఉక్రేనియన్లకు స్వతంత్ర దేశం అసాధ్యమనుకోకూడదని వాదించారు. 1903లో ప్రగతి అంటే ఏమిటో చర్చిస్తూ, మార్క్సు అనుచరులు చెప్పే సర్వాధికార ప్రజారాజ్యం వస్తే అది మనిషికి పెద్ద జైలవుతుందని హెచ్చరించారు. జైళ్లు చూసినవాడి మాట అది. సోవియట్ కాలంలో 1976-86 మధ్య ఆయన రచనలు 50 సంపుటాలుగా వేశారు. అయితే అధికారులకు గిట్టని రచనలు కొన్ని వదిలేశారు, కొన్ని కత్తిరించారు. రచయితను మెచ్చుకుంటూనే నోరు నొక్కడం అన్నమాట.

1905లో 'మోషే' అనే కావ్యం రాశారు. నలభై ఏళ్లు నడిపించిన నాయకుణ్ణి సొంతజనమే వెళ్లగొడతారు. అతను గమ్యం గడపలోనే ఒంటరిగా చనిపోతాడు. ఎవరి కథ రాశారో చెప్పనక్కర్లేదు.

1908లో జబ్బు చేసి రెండు చేతులూ పనికిరాకుండా పోయాయి. అప్పటిదాకా కలం దించని మనిషి! పెద్దకొడుకు అంద్రియ్ చేతులయ్యాడు. తండ్రి చెబుతుంటే రాశాడు. 1913లో ఆ కొడుకూ చనిపోయాడు. భార్య మతి చలించి ఆసుపత్రి పాలైంది. యుద్ధం వచ్చి మిగతా కొడుకులు సైన్యానికి పోయారు. ఎవరో వస్తే చెప్పి రాయించేవారు, ఎవరూ రాకపోతే వంకర్లుపోయిన చేత్తోనే గీసేవారు. 1916కు నోబెల్ బహుమతికి పేరు ప్రతిపాదించారు. అది పరిశీలనకు వచ్చేలోపే, 1916 మే 28న ల్వివ్‌లో కన్నుమూశారు. సొంత సమాధికి స్థలం లేక మొదట వేరేవాళ్ల సమాధి గదిలో పెట్టారు. కొన్నేళ్ల తర్వాత వేరుచేసి, 1933లో పైన ఒక విగ్రహం నిలిపారు. బండను పగలగొడుతున్న రాళ్లుకొట్టే కూలి బొమ్మ అది. ఇంట్లో ఆయన వదిలిపోయినవాటిలో దాదాపు 12,000 పుస్తకాలు, పత్రికలు, రాతప్రతులు ఉన్నాయి.

1895లో ఆయన్ని పాఠం చెప్పనివ్వని ల్వివ్ విశ్వవిద్యాలయానికి 1940లో ఆయన పేరే పెట్టారు.