అనీబిసెంటమ్మ వెదికిన గూఢార్థం



మొన్న ఆదివారం పూజ అయ్యాక ఒక కాలేజీ కుర్రవాడు నా దగ్గరకొచ్చాడు. సువార్తకు పైకి కనబడే అర్థం ఒకటి, లోపల దాచిన అర్థం మరొకటి ఉందట, నిజమేనా ఫాదర్ అని అడిగాడు. ఇది పాత మాటే. నూరేళ్ల క్రితం మద్రాసు అడయారు నుండి దీన్ని లోకమంతా చాటిన స్త్రీ పేరు మీకు తెలుసు. హోంరూల్ ఉద్యమం నడిపి, 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలైన అనీబిసెంట్.

ఆమె 1847లో లండనులో పుట్టింది. చిన్ననాట మహా భక్తురాలు. 1867లో ఒక ఆంగ్లికన్ గురువును పెళ్లాడింది. 1871లో చంటిపిల్ల మేబెల్‌కు కోరింత దగ్గు వచ్చి ఊపిరితిత్తులకు ఎక్కింది. రాత్రింబవళ్లు తల్లి కనిపెట్టుకుని కూర్చుంది. బిడ్డ బతికింది గాని, ఏ పాపం ఎరుగని పసిదాన్ని దేవుడు ఇంత బాధ ఎందుకు పెట్టాడన్న ప్రశ్న ఆమెను వదల్లేదు. ఆక్స్‌ఫర్డులో ప్యూసీ అనే గొప్ప పండితుణ్ణి కలిసింది. ఆయన, అలా అడగడమే తప్పన్నట్టు మందలించి పంపాడు. ఆయన్ని తప్పుపట్టే ముందు నా సంగతీ చెప్పాలి. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ఇదే ప్రశ్న అడిగితే, దైవచిత్తం అమ్మా అనేసి గొడుగు తీసుకుని వచ్చేసినవాణ్ణి నేను.

1873లో ఆమె భర్తను విడిచింది, నాస్తికురాలైంది. అందుకు కూడా 1878లో కోర్టు మేబెల్‌ను ఆమె దగ్గర నుండి తీసేసింది. 1889లో బ్లావట్‌స్కీ గ్రంథం చదివి దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. 1893లో భారతదేశం వచ్చింది.

ఆమె 'ఎసోటెరిక్ క్రిస్టియానిటీ' అనే పుస్తకం 1901లో వెలువడింది. ప్రభువు శిష్యులకు పరలోకరాజ్య మర్మాలు వేరుగా చెప్పాడు, ముత్యాలు పందుల ముందు వేయవద్దన్నాడు, కనుక తొలి శ్రీసభలో యోగ్యులకు మాత్రమే చెప్పే రహస్య బోధ ఉండేదని ఆమె వాదం. బేత్లెహేము జననమంటే మనిషి హృదయంలో క్రీస్తు పుట్టడం, సిలువ అంటే ఆత్మ జడపదార్థంలోకి దిగడం. యేసు జ్ఞానస్నానమప్పుడు తన దేహాన్ని క్రీస్తు అనే మరో మహాత్మునికి అప్పగించాడట.

అక్షరం వెనుక అర్థం చూడడం మనకు నిషిద్ధమేమీ కాదు. ఎర్రసముద్రం దాటడంలో జ్ఞానస్నానాన్ని శ్రీసభ మొదటి నుండీ చూస్తూనే ఉంది. అయితే మనకు సంఘటన పునాది, అర్థం దాని మీద కట్టిన ఇల్లు. ఆమెకు సంఘటన ఊక, అర్థం గింజ. విశ్వాస సంగ్రహంలో పిలాతు పేరు ఎందుకు చెబుతున్నాం? ఆ శ్రమలు ఒక కాలంలో, ఒక చోట నిజంగా జరిగాయి గనుక. దేవుడే మన బాధలోకి దిగి నెత్తురు కార్చాడన్నది, మేబెల్ పక్కన కూర్చున్న తల్లికి చెప్పగలిగిన జవాబు. సిలువ వట్టి సంకేతమైతే ఆ జవాబు కూడా పోయినట్టే. ఇలాంటి బోధ మన సిద్ధాంతంతో పొసగదని 1919లో రోములోని పవిత్ర కార్యాలయం తీర్పు చెప్పి, కతోలికులు ఆ సభలకు వెళ్లవద్దని ఆదేశించింది.

ఆమె వ్యాఖ్యానం పుస్తకంతో ఆగలేదు. మదనపల్లెలో 1895లో పుట్టిన తెలుగు బాలుడు జిడ్డు కృష్ణమూర్తి 1909లో అడయారులో ఆమె సహచరుడు లెడ్‌బీటర్ కంటబడ్డాడు. నాడు యేసు దేహాన్ని తీసుకున్నవాడే ఇప్పుడు ఈ బాలుని దేహంలోకి రానున్నాడని నమ్మారు. ఆ జగద్గురువు కోసం 1911లో నక్షత్ర సంఘం పెట్టారు. మరుసటి ఏడు తండ్రి నారాయణయ్యగారు తన పిల్లలను తనకిమ్మని కోర్టుకెక్కారు. మద్రాసులో ఆయనే గెలిచారు. ఆమె పట్టు వదలక లండనులోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయి 1914లో నెగ్గింది. కోర్టు తన బిడ్డను లాగేసుకుంటే ఎలా ఉంటుందో తెలిసిన తల్లి ఆమె!

1929 ఆగస్టు 3న హాలండులోని ఒమ్మెన్‌లో మూడు వేల మందికి పైగా కూర్చుని ఉండగా, కృష్ణమూర్తి తానే లేచి ఆ సంఘాన్ని రద్దు చేశాడు. తనకు శిష్యులు అక్కరలేదన్నాడు. ఎనభై ఒకటేళ్ల అనీబిసెంట్ అక్కడే ఉండి విన్నది. ఆ తర్వాత కూడా అతణ్ణి కొడుకుగానే చూసుకుంది. 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూసింది.