రమాబాయి చెల్లించిన మూల్యం

1870ల కరువులో తిరుపతి సమీపాన ఒక వృద్ధ బ్రాహ్మణ పండితుడు ఆకలితో మరణించాడు. శవం మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. కొడుకే తండ్రి దేహాన్ని ధోవతిలో మూటగట్టి, రెండు మైళ్లకు పైగా ఒంటరిగా మోసుకుపోయాడు. కొద్దికాలానికే రాయచూరులో తల్లి కన్నుమూసింది. అక్కడ పాడె పట్టడానికి ఇద్దరు బ్రాహ్మణులు మాత్రమే అంగీకరించారు. మిగిలిన రెండు కొసలు అన్నాచెల్లెళ్లవి. భుజం ఎత్తు చాలని ఆ చెల్లెలు పాడెకొసను తలమీద పెట్టుకొని శ్మశానం దాకా నడిచింది. ఆమే పండిత రమాబాయి.

క్రీస్తును వెంబడించడమంటే ఏమిటి, అందుకు ఏమి పోగొట్టుకోవలసి వస్తుంది అన్న ప్రశ్న తరగతిలో వచ్చినప్పుడల్లా నేను ఆమె దగ్గరికే వెళతాను. మాలపల్లె చర్చిలో పెరిగిన వాడిని ఒక చిత్పావన బ్రాహ్మణ స్త్రీని ఉదాహరణగా ఎందుకు ఎంచుకుంటానని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

రమాబాయి 1858లో పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకు సంస్కృతం నేర్పి కులపెద్దల ఆగ్రహానికి గురైనవాడు. ఆ విద్యే తల్లి నుంచి కూతురికి అందింది. 1878లో కలకత్తా పండితులు ఆమెను పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. విచిత్రమేమంటే, బిరుదులు తెచ్చిపెట్టిన శాస్త్రజ్ఞానమే ఆమె విశ్వాసాన్ని కూల్చింది. శాస్త్రాలు ఒకదానితో ఒకటి ఎన్నింటిలో విభేదించినా స్త్రీలను, శూద్రులను హీనులుగా చూడడంలో మాత్రం ఏకమయ్యాయని ఆమె గ్రహించింది. 1880లో బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును పెళ్లి చేసుకుంది. అతడు శూద్రుడు. వెలివేత అక్కడే మొదలైంది. రెండేళ్లు తిరగకముందే కలరా అతణ్ణి తీసుకుపోయింది. పసిబిడ్డ మనోరమతో ఆమె పుణే చేరింది, 1883లో ఇంగ్లండు వెళ్లింది.

లండన్ శివారు ఫుల్హాంలో క్రైస్తవ సన్యాసినులు, సమాజం పతితలని ముద్రవేసిన స్త్రీలను ఆదరించడం ఆమె చూసింది. సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన ఘట్టాన్ని అక్కడే చదివింది. అంటరాని జాతి స్త్రీని బావి దగ్గర నీళ్లడిగిన ఆ గురువు ఆమెను కదిలించాడు. ఆ ఏడాది సెప్టెంబరు 29న వాంటేజ్‌లో కూతురితో పాటు బాప్తిస్మం పొందింది.

మన దగ్గర దీన్ని మతం మార్చుకోవడమని ఒక్క మాటలో తేల్చేస్తారు. కానీ ఆమె ఎవరికీ లొంగలేదు. త్రిత్వ సిద్ధాంతాన్ని ప్రశ్నించింది. మాంసం ముట్టనన్నది. సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఉండకూడదా అని వాదించింది. పురుషులకు పాఠం చెప్పే అవకాశం వస్తే ఇండియాలోని ఆంగ్లికన్ బిషప్పులు అడ్డుపడ్డారు. ఆమె ఆ పెద్దరికాన్ని ధిక్కరించింది. హిందూ శాస్త్రుల ఆజ్ఞను తెంచుకున్నది క్రైస్తవ శాస్త్రుల ఆజ్ఞకు తలవంచడానికి కాదు. పుణే పెద్దలు ఆమెను కులద్రోహిగా చూస్తున్నప్పుడు జోతిరావు ఫూలే ఒక్కడే ‘సత్సార్’లో ఆమె పక్షాన నిలబడ్డాడు. శాస్త్రాలు చదివిన బ్రాహ్మణ స్త్రీయే వాటిని త్యజించడంలో ఆయనకు గొప్ప సాక్ష్యం కనిపించింది.

1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. తొలి వితంతు విద్యార్థిని గోదూబాయి తరువాతి కాలంలో మహర్షి కర్వే భార్య అయింది. ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. ఆ సదనం అగ్రకుల వితంతువులను ఉద్దేశించినది. అక్కడ కులాచారాలు పాటించుకునే వీలు కల్పించారు. సంస్కర్తల మద్దతు కోసం చేసుకున్న ఆ రాజీ కూడా ఆమెను కాపాడలేదు. తెల్లవారుజామున తలుపు తీసి ప్రార్థన చేసుకునే ఆమె గదిలోకి కొందరు బాలికలు వచ్చి కూర్చుంటున్నారని తెలిసి, 1893లో రానడే, భండార్కర్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. ‘కేసరి’లో తిలక్ దుమ్మెత్తిపోశాడు. పాతిక మంది దాకా బాలికలను ఇళ్లవారు తీసుకుపోయారు.

ఆమెను మార్చింది కరువు. 1896-97లో మధ్య ఇండియా, 1900లో గుజరాత్ కరువుల నుంచి తెచ్చిన ఆడపిల్లల కులం అడిగే తీరికెక్కడిది? తానూ ఒకప్పుడు ఆకులు తిని బతికిన మనిషి. పుణే దగ్గరి కేడ్గావ్ ముక్తి సదనంలో సుమారు 2,000 మంది చేరారు. మగ్గం, గానుగ, అచ్చుయంత్రం, అంధులకు బడి అన్నీ అక్కడివే. ఆమె శిష్యత్వం నా దృష్టిలో వాంటేజ్‌లో కంటే కేడ్గావ్‌లోనే పూర్తయింది.

విద్యార్థుల ప్రశ్నకు తిరిగి వస్తాను. రమాబాయి పోగొట్టుకున్న ప్రతిష్ఠను చరిత్ర నమోదు చేసింది, ఎందుకంటే పోగొట్టుకోవడానికి ఆమెకు ప్రతిష్ఠ ఉంది. ఆదివారం వెట్టికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు ఒంగోలు ప్రాంతపు మాదిగలు తిన్న దెబ్బలకు పేర్లు లేవు. వారి మనుమల దగ్గర నుంచి రాజ్యం కూడా మూల్యం వసూలు చేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరుచుకుంది, క్రైస్తవులకు తెరుచుకోలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ దళిత క్రైస్తవుడు బీసీ-సి అయి ఒక్క శాతం దగ్గర నిలబడ్డాడు. ఊరు మాత్రం అతణ్ణి పాత పేరుతోనే పిలుస్తుంది. సువార్త విన్న రెడ్డి, కమ్మ క్రైస్తవులు కూడా సంబంధాల దగ్గర కులాన్ని వెతుకుతారు. బ్రాహ్మణ్యాన్ని వదులుకోవడానికి రమాబాయికి ఎంత కాలం పట్టిందో వారికి వివరంగా చెప్పడానికే నేను ఆమెను ఎంచుకుంటాను.

చివరి ఏళ్లు ఆమె బైబిలు అనువాదానికి ఇచ్చింది. హీబ్రూ, గ్రీకు నేర్చుకొని మూలం నుంచే మరాఠీలోకి తెచ్చింది. 1921లో మనోరమ చనిపోయింది. 1922 ఏప్రిల్ 5న తల్లి. ముక్తి సదనపు అచ్చుయంత్రం మీద ముద్రితమై ఆ బైబిలు 1924లో వెలువడింది. పల్లెటూరి ఆడవాళ్లకు అర్థం కావాలని అందులో సంస్కృత పదాలను వీలైనంత మేరకు ఏరిపారేసింది, ఒకనాడు సిలువ మీద సంస్కృతం కోసం పోట్లాడిన సరస్వతి.