యంత్రానికి గజ్జె కట్టిన ఉదయశంకర్

సైన్సు గ్రూపు వాడివి, నీకు నాట్యంతో ఏం పని అని మా హాస్టల్ మిత్రులు అడిగారు. అడగదగ్గ ప్రశ్నే. మనలో చాలామందికి నాట్యమంటే దేవుళ్ల కథలు, లేదంటే రాజుగారి కొలువు. బాలే అంటే దొరల వినోదం. కానీ పొలం పని, మిల్లు కూలీ, అంటరానితనం కూడా నాట్యానికి వస్తువులే అని ఈ దేశంలో చూపించిన తొలి వారిలో ఉదయశంకర్ ముఖ్యులు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన 1900 డిసెంబరు 8న రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో పుట్టారు. ఊరి పేరే ఆయన పేరయింది. తండ్రి శ్యామశంకర్ చౌధురి పండితుడు, బారిస్టరు, సంస్థానంలో ఉద్యోగి. తల్లి హేమాంగినీ దేవిది ఘాజీపూర్ దగ్గర నస్రత్‌పూర్‌లో జమీందారీ కుటుంబం. ఆ ఊళ్లో చెప్పులు కుట్టే కులానికి చెందిన మాతాదీన్ ఆడుతుంటే జమీందారు గారి మనవడు కళ్లు తిప్పుకోకుండా చూసేవారు. తాకరాదని లోకం దూరం పెట్టిన మనిషే ఆయనకు తొలి స్ఫూర్తి కావడం గమనించవలసిన సంగతి.

నిజానికి ఆయన చిత్రకారుడు కావలసిన వారు. బొంబాయిలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లోనూ, 1920 నుంచి లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోనూ చదివారు. అప్పుడే రష్యన్ బాలే రాణి అన్నా పావ్లోవా కంట పడ్డారు. మన దేశం చూసి వెళ్లిన పావ్లోవాకు భారతీయ ఇతివృత్తాలు కావాలి. ఆమె కోసం రాధాకృష్ణుల కథనూ, హిందూ వివాహాన్నీ నృత్యంగా కూర్చారు. 1923లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఆమె రాధగా, ఆయన కృష్ణుడిగా ఆడారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. చిత్రమేమిటంటే, అప్పటికి ఆయన ఏ గురువు దగ్గరా శాస్త్రీయ నాట్యం నేర్చుకోలేదు! శిల్పాల్లోని భంగిమలు, చిన్నప్పుడు చూసిన జానపదుల ఆటలే ఆయనకు పెట్టుబడి.

పావ్లోవా బృందం వదిలాక పారిస్ వంటి చోట్ల చాలా ఇబ్బందులు పడ్డారు. స్విట్జర్లాండు శిల్పి ఆలిస్ బోనర్ తోడ్పాటుతో 1930లో స్వదేశమంతా తిరిగి బృందాన్ని కూర్చుకున్నారు. 1931లో పారిస్‌లో తొలి ప్రదర్శన. ఆ బృందంలో బాలుడిగా ఆడిన ఆఖరి తమ్ముడే తర్వాత సితార్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చిన రవిశంకర్.

పేరు వచ్చింది, డబ్బూ వచ్చింది. అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. 1930ల చివర ఆయన హిమాలయాల్లోని ఆల్మోరాలో కళాకేంద్రం పెట్టారు. కథాకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్లై, మణిపురికి అమోబీ సింగ్, సంగీతానికి అల్లావుద్దీన్ ఖాన్. ఇటువంటి గురువులు ఒకే చోట! గురుదత్ కూడా అక్కడి విద్యార్థే.

ఆ కాలంలో ఆయన కూర్చిన నృత్యరూపకం లేబర్ అండ్ మెషినరీ. పల్లె జనం పొలాలూ చేతిపనులూ వదిలి మిల్లుకు పోతారు. అక్కడ వాళ్ల ఒళ్లే యంత్రమవుతుంది. చేతులు మీటలు, నడుములు చక్రాలు. చివరకు వాళ్లు తిరగబడతారు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి నాట్లు గుర్తొచ్చాయి. వరుసగా వంగిన ఆడవాళ్ల చేతులు ఒకే లయలో కదులుతాయి. పాట ఆగితే పనీ నెమ్మదిస్తుంది. అది మనిషి లయ. మోటారు లయ వేరు, దానికి అలుపు లేదు. మా ఊరికి వరికోత మిషను వచ్చిన ఏడు మాకు ఖర్చు తగ్గింది, కోత కూలీలకు పని పోయింది. రెండూ నిజమే. మరి మిషను మంచిదా చెడ్డదా? ఫిజిక్సులో మీట సూత్రం నేర్చుకున్నాం గానీ, ఆ మీట ఎవరి చేతిలో ఉందని ఎవరూ అడగలేదు. ఆయన నాట్యం అడిగింది.

ఆయన మీద విమర్శలూ ఉన్నాయి. ఏ ఒక్క సంప్రదాయానికీ కట్టుబడలేదని పండితులన్నారు. కష్టజీవుల కథను టిక్కెట్టు కొన్న పట్నంవాళ్లే ఎక్కువగా చూశారన్నదీ కాదనలేం. ఆ లోటు కొంత తీర్చింది శిష్యుడు శాంతిబర్ధన్. 1940లలో ఇప్టా బృందంతో బెంగాల్ కరువును నృత్యంగా చూపించారు. ఆ రోజుల్లోనే మన ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా వినిపించింది.

యుద్ధకాలంలో డబ్బు చాలక ఆల్మోరా కేంద్రం మూతపడింది. ఉన్నదంతా పెట్టి మద్రాసు జెమినీ స్టూడియోలో కల్పన అనే చిత్రం తీశారు. నటి పద్మిని తొలిసారి తెర మీద కనిపించింది అందులోనే. 1948లో విడుదలై నష్టమే మిగిల్చింది. అదే చిత్రాన్ని బాగుచేసి 2012లో కాన్ ఉత్సవంలో చూపించారు. 1961లో సామాన్య క్షతి కూర్చారు. చలి కాచుకోవడానికి పేదల గుడిసెలు తగలబెట్టించిన రాణి కథ అది. 1966లో అంటరానితనం మీద ప్రకృతి ఆనంద. 1971లో పద్మవిభూషణ్ వచ్చింది. 1977 సెప్టెంబరు 26న కలకత్తాలో కన్నుమూశారు.

మన వార్షికోత్సవంలో ఏటా సినిమా పాటలకు గంతులు వేస్తాం. తప్పని అనను, నేనూ ఈలలు వేశాను. కానీ వచ్చే ఏడు ఒక్క అంశమైనా మన ఊళ్లనుంచి, మన వాళ్ల చేతుల కదలికలనుంచి తీసుకుందాం. గురువు లేడనే సాకు వద్దు. మాతాదీన్ లాంటి వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కళ్లు పెట్టి చూడాలి అంతే.