నవ్వు బొమ్మల చిత్రకారుడు – ఎడ్వర్డ్ లియర్

ఎడ్వర్డ్ లియర్ 1812లో లండన్ శివార్లలో జన్మించారు. 21 మంది సంతానంలో ఆయన 20వ వారు. పెద్దక్క ఆన్ ఆయన్ను పెంచింది. చిన్నప్పటి నుంచి మూర్ఛవ్యాధి ఉన్నా, ఆ సంగతి జీవితాంతం దాచుకున్నారు.

చాలామంది చనిపోయిన పక్షులను ముందు పెట్టుకుని గీసే ఆ రోజుల్లో, లియర్ లండన్ జూకు వెళ్లి బతికున్న చిలుకల బొమ్మలు వేశారు. 1846లో విక్టోరియా రాణికి చిత్రలేఖనం నేర్పారు. అదే ఏడాది పిల్లల కోసం వింత బొమ్మల పుస్తకం తెచ్చారు. అందులో ఒక తాతగారి గడ్డంలో పిట్టలు గూళ్లు కట్టుకుంటాయి! స్నేహితులకు రాసే ఉత్తరాల్లో తననే బాన పొట్టతో, గుండ్రటి కళ్లజోడుతో గీసుకునేవారు.

లియర్ ఒకచోట ఉండే మనిషి కాదు. 1873లో మన దేశానికీ వచ్చి, ఏడాదికి పైగా తిరిగారు. డార్జిలింగ్‌లో కాంచనజంగను గీసుకుని, తర్వాత పెద్ద వర్ణచిత్రాలుగా వేశారు.

చివరికి ఇటలీలోని శాన్ రెమోలో స్థిరపడ్డారు. అక్కడ ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు, తన పిల్లి ఫాస్ తికమకపడకూడదని కొత్త ఇంటిని అచ్చం పాత ఇంటిలాగే కట్టించారని చెబుతారు. 1887లో ఫాస్, 1888 జనవరిలో లియర్ కన్నుమూశారు.

బదిలీ అయిన ప్రతిసారీ కొత్త క్వార్టర్‌లో పాత ఇంటిని వెతుక్కునే మనకు ఫాస్ కథ ఇట్టే అర్థమవుతుంది. మన కోసం అలాంటి ఇల్లు ఎవరూ కట్టించలేరు. కానీ లియర్ ఎన్ని ఊళ్లు మారినా వెంట తీసుకెళ్లిన పెన్సిలు, నవ్వు మన సంచిలోనూ పడతాయి.