సముద్ర మెవరి సొత్తు? - గ్రోషియస్ జీవితము

పదునేడవ శతాబ్ది ప్రారంభమున బందరు రేవునకు వచ్చిన డచ్చివారిని మన పూర్వులు వలందులనిరి. 1606లో గోలకొండ సుల్తాను అనుమతి వడసి వారచట కోఠీ నెలకొల్పిరి. వలందపాలెము నేటికిని వారి పేరు మోయుచున్నది. ఆ వర్తకుల ఓడలలో సరకులు, ఫిరంగులు ఉండెను. వారి వెనుక ఒక న్యాయవాదము కూడ ఉండెను. దానిని కూర్చినవాడు ఇరువదియొక్క యేండ్ల యువకుడు, హ్యూగో గ్రోషియస్.

ఇతడు 1583లో హాలెండులోని డెల్ఫ్ట్ నగరమున జన్మించెను. తండ్రి ఆ పురమునకు బర్గోమాస్టరు, అనగా నగరపాలకులలో ముఖ్యుడు. బాలుడు పదునొకండవ యేట లైడెన్ విశ్వవిద్యాలయమున చేరెను. పదునైదవ యేట రాయబారుల వెంట ఫ్రాన్సున కేగి, ఓర్లియాన్సులో న్యాయశాస్త్ర పట్టమందెను. 1599లో హేగు న్యాయస్థానమున వకీలయ్యెను. బాలమేధావుల కథలలో అతిశయోక్తి దొరలుట సహజమే గాని, ఈ తేదీలు మాత్రము దస్తావేజుల కెక్కినవే.

నాటి హాలెండు స్పెయిను రాజుపై తిరుగబడి యుద్ధము చేయుచుండెను. అచట అధికారమెక్కువగా నగరములది. ప్రతి నగరమునను సంపన్న కుటుంబములవారి పురసభ యుండెను. అందు ఖాళీ యేర్పడినచో మిగిలిన సభ్యులే క్రొత్తవానిని ఎన్నుకొందురు. 1602లో తూర్పు ఇండియా కంపెనీ పుట్టినప్పుడు దానిని సైతము ఆమ్‌స్టర్‌డామ్, డెల్ఫ్ట్, రోటర్‌డామ్ మున్నగు ఆరు నగరశాఖలుగా నేర్పరచిరి. పాలకుడు, వర్తకుడు, న్యాయాధిపతి ఒకే పంక్తిని కూర్చుండి భుజించు కాలమది.

1603లో సింగపూరు జలసంధికి చేరువను హేమ్‌స్కెర్క్ అను డచ్చి నౌకాపతి బుడతకీచుల మహానౌక సాంతా కాతరీనాను పట్టుకొనెను. అప్పుడు పోర్చుగలు స్పెయిను రాజు క్రిందనే యుండెను. నౌకలోని చీనా పట్టు, పింగాణి మొదలగు సరకు ఆమ్‌స్టర్‌డామున వేలము వేయగా ముప్పది లక్షల గిల్డరులకు మించి వచ్చెను. కంపెనీ మూలధనమే సుమారు అరువదినాలుగు లక్షలు! ఇది యుద్ధమా, ఓడదోపిడియా? వాటాదారులలో అహింసావ్రతులైన కొందరు ఆ సొమ్ము తాకమనిరి. న్యాయస్థానము 1604లో తీర్పు అనుకూలముగనే చెప్పెను. లోకమును ఒప్పించుపని మిగిలెను. కంపెనీ దానిని గ్రోషియస్ కప్పగించెను.

అతడు వ్రాసిన గ్రంథములోని ఒక భాగము 1609లో కర్త పేరులేకుండ వెలువడెను. స్వేచ్ఛాసముద్రము అని దాని పేరునకు అర్థము. గాలివలె సముద్రమును ఎవడును స్వాధీనపరచుకొనజాలడనియు, తూర్పుదేశములకు స్వంత రాజులు, స్వంత ధర్మశాసనములు గలవనియు, పోపు దానము చేసినంతమాత్రమున అవి పోర్చుగీసువారివి కానేరవనియు అతని వాదము. తూర్పుదేశస్థుల హక్కును ఒక ఐరోపా పండితుడింత స్పష్టముగా నొప్పుకొనుట చిన్న విషయము కాదు. అయినను ఆ వాదమునకు ఫీజు చెల్లించినది ఎవరో మరువరాదు.

నాలుగేండ్లకే ఆ వాదము తిరిగి అతని మీదికే వచ్చెను. 1613లో అతడు రాయబారిగా లండను వెళ్లగా, సుగంధద్రవ్య ద్వీపములలో మాకును వర్తకము చేయనిండని ఆంగ్లేయులు కోరి, అతని గ్రంథమునే ఎత్తిచూపిరి. అప్పుడతడు ద్వీపవాసులు డచ్చివారికే సరకు అమ్ముదుమని ఒడంబడికలు చేసికొనిరనియు, ఒడంబడిక పాలింపవలసినదే ననియు బదులు చెప్పెను. ఫిరంగి నీడను జరిగిన ఒడంబడిక ఎంతవరకు ఒడంబడిక? ఆ ప్రశ్నను అతడు తగినంతగా తడవలేదని నా యభిప్రాయము. 1621లో జాజికాయ గుత్తకై కంపెనీ బందా ద్వీపములను జయించి, వేలాది జనమును నశింపజేసెను.

ఆ 1621 నాటికి గ్రోషియస్ ఖైదీ. 1613లోనే అతడు రోటర్‌డామ్ నగరమునకు న్యాయసచివుడై, రాష్ట్రసభలో ఆ నగరపక్షమున మాటాడుచుండెను. మతవివాదము రేగి, నగరములు స్వంత భటులను పెట్టుకొనవచ్చునని 1617లో రాష్ట్రసభ తీర్మానించెను. సేనాధిపతియగు మారిస్ దానిని సహింపలేదు. 1618లో గ్రోషియస్‌ను, వృద్ధమంత్రి ఓల్డెన్‌బార్నెవెల్ట్‌ను నిర్బంధించిరి. తనను విచారించు అధికారము హాలెండు న్యాయస్థానమునకే గాని, ఈ ప్రత్యేక న్యాయసభకు లేదని గ్రోషియస్ వాదించెను. వినినవారు లేరు. 1619 మే నెలలో వృద్ధుని శిరస్సు ఖండించిరి. గ్రోషియస్‌కు యావజ్జీవ కారాగారము విధించిరి.

లూవెస్టైన్ కోటలో అతడు ఊరకుండలేదు. హాలెండు న్యాయశాస్త్రమునకు ప్రవేశగ్రంథము వ్రాసెను. అది 1631లో అచ్చుపడెను. రోమన్-డచ్చి న్యాయము నిలిచిన దక్షిణాఫ్రికాలో నేటికిని దానిని ఉదాహరింతురు. భార్య మారియా అతనితోడనే యుండి, ఒక ఉపాయము పన్నెను. పుస్తకములు వచ్చిపోవు పెట్టెను కావలివారు క్రమముగా తెరచి చూచుట మానిరి. 1621 మార్చి 22న ఆ పెట్టెలో భర్తను ముడుచుకొని పరుండజేసెను. పరిచారిక ఎల్సియె పెట్టె వెంట పడవనెక్కి, గోర్కుమ్ పట్టణమును చేర్చెను. అచటినుండి తాపీపనివాని వేషమున అతడు ఎల్ల దాటెను. పండితుని రక్షించినది న్యాయశాస్త్రము గాదు. ఇద్దరు స్త్రీల ధైర్యము.

పారిసులో 1625న యుద్ధశాంతి ధర్మములపై అతని మహాగ్రంథము వెలువడెను. 1631లో స్వదేశమునకు వచ్చి నిలువలేక, మరుసటి యేడే వెడలిపోయెను. పిదప పదేండ్లు స్వీడను రాయబారిగా పారిసుననే యుండెను. 1645లో బాల్టిక్ సముద్రమున ఓడ భగ్నమై, ఎట్లో తీరముచేరి, జర్మనీలోని రోస్టాక్ పట్టణమున ఆగస్టు 28న మరణించెను. వెడలగొట్టిన దేశమే పిమ్మట దేహమును డెల్ఫ్టున సమాధి చేయనిచ్చెను.

స్వేచ్ఛాసముద్రము ఒక పెద్ద వకాల్తా గ్రంథములోని పండ్రెండవ అధ్యాయమని లోకమునకు చాలకాలము తెలియదు. 1864లో హేగు నగరమున పాత కాగితముల వేలములో మూలప్రతి బయటపడెను. లైడెన్ విశ్వవిద్యాలయము దానిని కొనెను.